పులి కనపడలేదా? అదే రాయండి

పోయిన నెల, అడవిలో జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాపుల గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, అందరి ఉత్తరాల్లోనూ ఒకటే మాట, "మేమూ అడవిలో వాలంటీర్లుగా పని చేయొచ్చా" అని. అన్నీ వేయడానికి చోటు లేదు కాబట్టి ఒకే రకం ప్రశ్నలు పక్కనపెట్టి ఐదు తీసుకున్నాను.

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లకోసారి జరిగే పులుల లెక్కింపుకు అటవీశాఖ వాళ్లు వాలంటీర్లను పిలుస్తారని, నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవిలో వారం రోజులు ఉండి పని చేయొచ్చని ఆఫీసులో ఒకతను చెప్పాడు. నాకు వెళ్లాలని ఉంది. అమ్మేమో "పులులున్న చోటికి ఆడపిల్ల ఒక్కతీ పోవడమేంటే" అని రెండ్రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. అక్కడ నిజంగా మనతో ఏం పని చేయిస్తారు? పులి కనపడుతుందా? అడవి గురించి నాకు తెలిసింది సున్నా, బల్లిని చూసినా భయం.
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అమ్రాబాద్‌లో పడే కష్టం కన్నా ఇంట్లో ఒప్పించే కష్టమే పెద్దది. నేను మొదటిసారి వెళ్లేనాటికి నాకు 34, ఇద్దరు పిల్లలు. అయినా మా అమ్మ "మీ ఆయన ఒప్పుకున్నాడా" అని మూడుసార్లు అడిగింది. పులి సంగతి ఒక్కసారీ అడగలేదు.

అమ్మకు చెప్పాల్సింది ఏంటంటే, అక్కడ ఎవర్నీ ఒంటరిగా వదలరు. అడవిని రేంజిలుగా, సెక్షన్లుగా, బీట్లుగా విడగొట్టి ఉంటారు. వాలంటీరును ఒక బీటుకు వేస్తే ఆ బీట్ ఆఫీసరు, వాచర్లు ఎక్కడికి నడిస్తే మీరూ అక్కడికే. బేస్ క్యాంపులో పడుకోవాలి. కొన్ని క్యాంపులు బాగానే ఉంటాయి, గది, సోలార్ లైటు, నీళ్ల ట్యాంకు. కొన్నిచోట్ల రేకుల షెడ్డు, బయటికి వెళ్లాలంటే చెంబే. ఇంకో ఆడమనిషి ఉన్న క్యాంపులో వేయమని, బాత్రూము ఉందో లేదో చెప్పమని రేంజ్ ఆఫీసుకు ముందే ఫోన్ చేసి అడగండి. ఇందులో మొహమాటపడేదేం లేదు, అడగని వాళ్లే అక్కడికెళ్లాక ఇబ్బంది పడతారు. శానిటరీ ప్యాడ్లు ఎక్కువే పెట్టుకోండి, వాడినవి మూటగట్టి వెనక్కి తెచ్చుకోవాలి, అక్కడ పారేయడానికి లేదు. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు కాబట్టి రేంజ్ ఆఫీసు నంబరు అమ్మ చేతిలో పెట్టి, "రెండ్రోజులు నా ఫోన్ కలవకపోతే టెన్షన్ పడొద్దు" అని ముందే చెప్పి బయల్దేరండి. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకూ మూసేస్తారు, ఆఫీసు అయ్యాక తీరిగ్గా బయల్దేరితే గేటు ముందే తెల్లారుతుంది.

ఇక పని. సినిమాల్లోలాగా జీపుల్లో తిరగడం కాదు, నడక. మొదటి మూడు రోజులు పులి, చిరుత, రేచుకుక్క, ఎలుగు లాంటివి తిరిగే దారులు పట్టుకుని రోజుకు కనీసం 5 కిలోమీటర్లు గుర్తుల కోసం నడుస్తారు. క్యాంపు నుంచి అక్కడికి వెళ్లి రావడం దీనికి అదనం, కాబట్టి రోజు మొత్తం మీద 10, 15 కిలోమీటర్లకు సిద్ధపడి వెళ్లండి. పాదముద్ర, పెంటిక, నేల మీద కాలితో గీరిన గీత, చెట్టు బెరడు మీద గోళ్ల చారలు, ఏది కనపడినా ఎం-స్ట్రైప్స్ అనే యాప్‌లో ఎక్కించాలి, ఫొటో తీయాలి, అది ఎక్కడ ఉందో ఫోనే పట్టుకుంటుంది. తర్వాత రోజులు వేరే పని. 2 కిలోమీటర్ల తిన్నటి గీత ఒకటి ముందే వేసి ఉంచుతారు, దాన్ని ట్రాన్సెక్ట్ అంటారు. వరసగా మూడు రోజులు పొద్దున్నే దాని మీద చప్పుడు లేకుండా నడుస్తూ దుప్పులు, కణుజులు, మనుబోతులు, అడవి పందులు ఎన్ని కనపడ్డాయి, ఎంత దూరంలో, ఏ కోణంలో ఉన్నాయి అని రాసుకోవాలి. వెనక్కి వచ్చేటప్పుడు ప్రతి 400 మీటర్లకూ ఆగి అక్కడ ఏ చెట్లు ఉన్నాయి, ఎంత గడ్డి ఉంది, ఎన్ని పెంటికలు ఉన్నాయి అని లెక్కపెట్టాలి. అవును, ఎమ్మెస్సీ చదివినవాళ్లు కూడా మోకాళ్ల మీద కూర్చుని దుప్పి పెంటికలు లెక్కపెడతారు. పులి బతకాలంటే దానికి తిండి ఎంత ఉందో తెలియాలి కదా.

పులి కనపడుతుందా అన్నారు. కనపడదనే అనుకుని వెళ్లండి. నేను నాలుగుసార్లు వెళ్లాను, ఒక్కసారీ చూడలేదు. ఒకసారి మాత్రం రాత్రి క్యాంపు వెనకాల లోయలోంచి అరుపు విన్నాను, అప్పుడు షెడ్డులో ఆరుగురం ఉన్నాం, ఎవరూ ఐదు నిమిషాలు మాట్లాడలేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. వాలంటీర్లు వచ్చిన మొదటి రోజు ఉత్సాహంలో ఏ గీత చూసినా "పులి, పులి" అంటారు. ఏమీ దొరకని రోజు సాయంత్రం మొహం మాడ్చుకుని, ఖాళీ కాగితం ఇవ్వడానికి నామోషీ పడతారు. ఆ ఖాళీ కాగితమే అసలు పని. రాజస్థాన్‌లోని సరిస్కా కథ మీరు వినే ఉంటారు. అక్కడ పాదముద్రల అచ్చులు తీసి ఏటా పులుల్ని లెక్కపెడుతూ, కాగితాల మీద ఉన్నాయి ఉన్నాయి అంటూనే ఉన్నారు. 2005 వచ్చేసరికి తేలిందేంటంటే, అడవిలో ఒక్క పులి కూడా మిగల్లేదు. ఆ దెబ్బతోనే దేశమంతా పాత పద్ధతి వదిలేసి, కెమెరాలో పడిన చారలను బట్టి ఒక్కో పులినీ విడిగా గుర్తుపట్టే పద్ధతికి మారారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, ఒకే పులికి కుడి పక్క ఒకలా, ఎడమ పక్క ఇంకోలా ఉంటాయి, అందుకే దారికి అటూ ఇటూ రెండు కెమెరాలు పెడతారు. కొత్త పద్ధతిలో 2006లో దేశం మొత్తానికి 1,411 అని తేలితే అందరూ గుండెలు బాదుకున్నారు. 2022లో అది 3,682కు వచ్చింది. ఈ అంకెను నమ్ముతున్నామంటే, ఎక్కడో ఎవరో మూడు రోజులు నడిచి, ఏమీ దొరకలేదని నిజం రాశారు కాబట్టే. మీ బీటులో ఏమీ దొరక్కపోతే 'ఏమీ లేదు' అని రాయండి, పక్క బీటువాళ్లకు దొరికిందని మనసు పాడుచేసుకోవద్దు.

గుర్తులు చదవడం రాదని భయపడకండి, అది నేర్పేవాళ్లు అక్కడే ఉంటారు. నల్లమలలో వాచర్లు చాలామంది చెంచులు. (వాళ్ల గూడేన్ని పెంట అంటారు, అప్పాపూర్ పెంట అలాంటిదే. మన బస్తీ చెవులకు వింతగా ఉంటుంది, అక్కడ నవ్వకండి.) రెండోసారి వెళ్లినప్పుడు ఎండిపోయిన వాగు ఇసకలో ఒక ముద్ర కనపడింది, నేను స్కేలు తీసి పక్కన పెట్టి ఫొటో తీసేసి ఇక లేవబోతుంటే, మా వాచర్ పెద్దాయన నా భుజం మీద వేలితో తట్టి మళ్లీ కూర్చోబెట్టాడు. "సూడు బిడ్డా, లోపల సుక్కలున్నయ్" అన్నాడు. దగ్గరికి వంగి చూస్తే నిజమే, మడమ గుంటలో ఆవగింజంత చిన్న చిన్న గుంటలు. పైన నల్లమద్ది కొమ్మ ఉంది, దాని ఆకుల మీంచి తెల్లవారుజామున రాలిన మంచు చుక్కలు అవి. "మంచు దీని మీద వడ్డది. అంటే మంచు వడకముందే వోయింది, రాత్రి తొలి జామున." అంతటితో ఆపలేదు. గోళ్ల గుర్తు లేదు కాబట్టి రేచుకుక్క కాదు, పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. సైజు చిన్నది కాబట్టి పులి కాదు, చిరుత. నేను యాప్‌లో 'పులి' నొక్కేసి ఉన్నాను అప్పటికే. సిగ్గుపడుతూ మార్చాను.

కాబట్టి వాచర్‌ను "నువ్వు" అని పిలవకండి, ఆయన వయసు ఎంతయినా సరే. ఇంట్లోంచి ఏమైనా తీసుకెళ్లాలనిపిస్తే మిఠాయి ప్యాకెట్లు వద్దు, టార్చిలైటు సెల్లులు, కాళ్ల పగుళ్లకు మందు, మంచి సాక్సులు తీసుకెళ్లండి.

భయం గురించి. అడవిలో తిరిగేవాళ్లు పులి కన్నా ఎలుగుబంటికి ఎక్కువ భయపడతారు. పులి మన వాసన తగిలితే తప్పుకుంటుంది. ఎలుగు తల కిందికి పెట్టి చెదలపుట్ట తవ్వుకుంటూ మనల్ని గమనించదు, మరీ దగ్గరికి వెళ్లాక ఉలిక్కిపడి మీదికొస్తుంది, పిల్లలుంటే ఇంకా ప్రమాదం. అందుకే గుబురు మలుపు దగ్గర వాచర్ కావాలనే ఒక దగ్గు దగ్గుతాడు. ఆయన ఆగితే ఆగండి, ఫొటో కోసం నాలుగడుగులు పక్కకు వేయకండి. బల్లి సంగతంటారా, మొదటి రోజు రాత్రి మీ మంచం పైన రెండు ఉంటాయి. మూడో రోజుకు వాటికి పేర్లు పెడతారు.

తీసుకెళ్లేవి: పాత బూట్లు (నేను కొత్తవి వేసుకెళ్లి రెండో రోజుకే రెండు మడమలూ బొబ్బలెక్కి ఒక పూట క్యాంపులో వంటమనిషికి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను), మట్టిరంగు బట్టలు, పొడుగు చేతుల చొక్కా, స్వెటర్, రెండు స్టీలు నీళ్ల సీసాలు, పిడుదులు పట్టకుండా సాక్సుల్లోకి దోపుకునే ప్యాంటు, మామూలుగా వాడే మందులు. సెంటు వద్దు, కరకరలాడే చిప్స్ ప్యాకెట్లు వద్దు, అసలు ప్లాస్టిక్ కవర్లే వద్దు, అక్కడ నిషేధం. తిండి క్యాంపులో వాళ్లు వండుకునేదే మీకూ, అన్నం, పప్పు, పచ్చడి. జీతం ఇవ్వరు, మన దగ్గర ఫీజూ తీసుకోరు. ఒకవేళ పులి కెమెరాలో పడ్డా, ముద్ర దొరికినా, ఎక్కడ దొరికిందన్నది వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. వేటగాళ్లకూ ఫోన్లుంటాయి. దారిలో సన్న తీగ ఉచ్చు లాంటిది కనపడితే ముట్టుకోకుండా వాచర్‌కు చూపించండి, ఆ వారంలో మీరు చేసే అతి పెద్ద సాయం అదే కావచ్చు.

ప్రశ్న: మేడమ్, మాది కాకినాడ, డిగ్రీ రెండో సంవత్సరం. సముద్రపు తాబేళ్ల పిల్లల్ని వదిలే కార్యక్రమానికి వాలంటీర్లు కావాలని ఒక సంస్థ వాళ్లు పెడితే నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ తలా 2,500 కట్టి వెళ్లాం. సాయంత్రం ఐదింటికి ఒక ప్లాస్టిక్ టబ్బులో పిల్లల్ని తెచ్చారు, అందరికీ చేతిలో పెట్టి ఫొటోలు తీయించారు, తర్వాత నేరుగా నీళ్లలో వదిలేయించారు. గంటలో అయిపోయింది. బాగానే అనిపించింది గానీ ఇంటికొచ్చాక ఏదో తేడాగా ఉంది. మేం చేసింది తప్పా?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: తప్పు మీది కాదు, మీ అనుమానం మాత్రం సరైనదే. మీరు వాలంటీర్లుగా వెళ్లలేదు, టికెట్ కొనుక్కుని వెళ్లారు, అంతే తేడా.

ఆలివ్ రిడ్లీ తాబేలు మన తీరానికి చలికాలంలో వస్తుంది. జనవరి నుంచి మార్చి వరకూ రాత్రిపూట ఒడ్డుకెక్కి, వెనక కాళ్లతో కుండలాంటి గుంట తవ్వి, వంద, నూట ఇరవై దాకా గుడ్లు పెట్టి, పూడ్చి, మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతుంది. తిరిగి చూడదు. కుక్కలు, నక్కలు తవ్వి తినేయకుండా గుడ్లను హేచరీకి తెచ్చి కంచె లోపల మళ్లీ అలాంటి గుంటలోనే పెడతారు. పెట్టిన కొద్ది గంటల్లోనే కదపాలి, ఆ తర్వాత లోపల పిండం గుడ్డు పైభాగానికి అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. కాబట్టి నిజమైన వాలంటీరు పని అర్ధరాత్రి పూట ఉంటుంది. ఇసక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టుండే జాడ వెతుక్కుంటూ నాలుగైదు కిలోమీటర్లు నడవాలి, అదీ టార్చి వేయకుండా, వేసినా ఎర్ర కాగితం చుట్టి. తెల్ల లైటు చూస్తే గుడ్లు పెట్టడానికొచ్చిన తల్లి వెనక్కి తిరిగిపోతుంది.

ఇంచుమించు 45 నుంచి 55 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. సాధారణంగా రాత్రో, తెల్లవారుజామునో వస్తాయి, ఇసక చల్లబడ్డాక. వాటిని ఒడ్డున ఇసక మీద వదిలితే అవే సొంతంగా నడుచుకుంటూ అలల దాకా వెళ్లాలి. ఆ నడక వాటికి కావాలి, అందుకే నీళ్లలో నేరుగా వేయరు. చేతుల్లోకి తీసుకోరు. మన చేతుల చెమట, క్రీములు వాటికి మంచివి కావు. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అవి మొదటి షెడ్యూలు జీవులు, అంటే పులికి ఎంత రక్షణ ఉందో అరచేతిలో పట్టే ఆ పిల్లకూ అంతే ఉంది. అనుమతి ఉన్న హేచరీ సిబ్బంది చెప్పిన మేరకే ఎవరైనా ముట్టుకోవాలి. సాయంత్రం ఐదింటికి జనం కోసం టబ్బులో దాచి ఉంచారంటే, అవి పుట్టిన మొదటి గంటల్లో ఈదడానికి దాచుకున్న బలం ఆ టబ్బు గోడలకు కొట్టుకుంటూ ఖర్చు చేసేశాయి.

వచ్చే సీజన్‌కు ఇలా చేయండి. కోరింగ అభయారణ్యం మీ పక్కనే ఉంది, హోప్ ఐలాండ్ వైపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. డిసెంబరులోనే అటవీశాఖ వైల్డ్‌లైఫ్ ఆఫీసుకు వెళ్లి, హేచరీ ఎక్కడ నడుపుతున్నారు, రాత్రి నడకకు మనుషులు కావాలా అని అడగండి. ఒక్క రోజు కాదు, వారానికి రెండు రాత్రుల చొప్పున రెండు నెలలు వస్తామని చెప్పండి, అప్పుడు మిమ్మల్ని చూసే చూపే మారుతుంది. ఇంకో పని కూడా ఉంది, ఫొటోకు బాగుండదు కాబట్టి ఎవరూ చేయరు. పిల్లలు వెళ్లిపోయాక గుంట తవ్వి ఎన్ని పెంకులు ఉన్నాయి, ఎన్ని గుడ్లు పొదగలేదు, ఎన్ని లోపలే చచ్చాయి అని లెక్కపెట్టాలి. మురిగిన గుడ్డు వాసన మూడు రోజులు వేళ్లకు పట్టుకుని ఉంటుంది. కానీ హేచరీలో ఇసక మరీ వేడెక్కుతోందా, నీళ్లు నిలుస్తున్నాయా అన్నది ఆ లెక్క చూస్తేనే తెలుస్తుంది. ఇసక వేడి ఎక్కువైతే పుట్టేవన్నీ ఆడపిల్లలే, ఇంకా పెరిగితే అసలు పుట్టవు. ఇంకొకటి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్లను కూడా రాయండి, ఏ తేదీ, ఎక్కడ అని. ట్రాలర్ పడవల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చేవి చాలా ఉంటాయి, వలకు తాబేలు బయటపడే తలుపు పెట్టాలని ఎవరైనా గట్టిగా అడగాలంటే ఆ లెక్కే చేతిలో ఉండాలి.

డబ్బు తీసుకున్నవాళ్లను ఏమీ అడగొద్దా అంటే, అడగండి. మీ దగ్గర హేచరీ అనుమతి ఉందా, ఎవరిచ్చారు అని మర్యాదగా మెసేజ్ పెట్టండి. జవాబు ఎలా వచ్చినా మీకు సంగతి తెలిసిపోతుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని, 63 ఏళ్లు, మాది నాయుడుపేట దగ్గర. వాలంటీరు అనగానే మా వీధిలో ఇంటింటికీ పింఛను పంచిన కుర్రాడే గుర్తొస్తాడు గానీ, మీ పత్రిక చూశాక ఇలాంటివి కూడా ఉంటాయని తెలిసింది. నాకు మోకాళ్ల నొప్పులు, కొండలెక్కలేను. నా వయసువాళ్లకు ఏదైనా పని ఉందా?
— ఒక మాస్టారు, తిరుపతి జిల్లా

జవాబు: మాస్టారూ, నమస్కారం. పులుల లెక్కింపు మీకు వద్దు, అక్కడ మామూలుగా 60 దాటినవాళ్లను తీసుకోరు కూడా. అయినా ఇంటి పక్కనే నేలపట్టు పక్షుల చెరువు పెట్టుకుని నల్లమల ఎందుకండీ!

దొరవారిసత్రం దగ్గర ఆ చెరువులో కణప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెట్టేది అక్టోబరు నుంచి మార్చి వరకు. మీరు చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉండి ఉంటారు. పక్షుల రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి పెడితే ఎరువు తక్కువ వేసినా పండుతుందని ఆ ఊరి రైతులు చెబుతారు, అందుకే ఎన్నో తరాలుగా ఆ పక్షుల జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. అటవీశాఖ బోర్డు వచ్చింది ఆ తర్వాతే.

ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది, మొత్తం వాలంటీర్ల మీదే. నడవక్కర్లేదు, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెట్టొచ్చు. నేలపట్టు, పులికాట్‌లకు పేరుంది కాబట్టి అక్కడికి జనం వస్తారు. మీ ఊరి చెరువును ఎవరూ లెక్కపెట్టరు. మీరు అది తీసుకోండి. ఒక మామూలు బైనాక్యులర్, ఒక నోటుబుక్కు. చిన్న గుంపులైతే ఒక్కొక్కటి, వందల్లో ఉంటే కంటితో పది పక్షుల ముద్ద పట్టి అలాంటి ముద్దలు ఎన్ని ఉన్నాయో చూడటం, మొదట కొద్దిగా తప్పుతుంది, రెండు వారాలకు చేయి తిరుగుతుంది. పక్షులు లేని రోజు కూడా వెళ్లి 'లేవు' అని తేదీ వేసి రాయండి. మొదటి ఉత్తరంలోనూ ఇదే మొత్తుకున్నాను, మీకు రెండోసారి. ఐదేళ్ల తర్వాత ఈ చెరువుకు పక్షులు రావడం ఎప్పుడు తగ్గింది అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలిగేది మీ నోటుబుక్కే.

పైగా మీరు తెలుగు మాస్టారు. ఎర్రకాళ్ల కొంగను ఒక ఊళ్లో ఒకటంటారు, పక్క ఊళ్లో ఇంకోటి. జాలర్లు, పశువుల కాపర్లు వాడే పేర్లు కూడా పక్కన రాసిపెట్టండి, ఎవరు చెప్పారో ఏ ఊరో వేసి. ఇంగ్లిషు పేర్లతో లెక్కపెట్టే పిల్లలు బోలెడంతమంది ఉన్నారు, ఈ పని వాళ్లవల్ల కాదు. మీ మనవడు ఫోన్లో ఈబర్డ్ అనే యాప్ వేసిపెడితే లెక్క అందులో ఎక్కించడం వాడి పని.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఇంటర్ స్థాయి చదువుతున్నాడు. వేసవి సెలవులకు వస్తున్నాం. కాలేజీ అప్లికేషన్లకు పనికొచ్చేలా ఏదైనా అభయారణ్యంలో రెండు వారాలు వాలంటీరుగా పెట్టించి సర్టిఫికెట్ ఇప్పించగలరా?
— ఒక తల్లి

జవాబు: ఇప్పించలేనండీ. మే, జూన్‌లో నల్లమలలో సిబ్బందికి మంటల టెన్షనే సరిపోతుంది, జంతువులు తాగే సాసర్ పిట్లలోకి ట్యాంకర్లతో నీళ్లు పోయడం, మంట దాటకుండా ఎండుటాకులు ఊడ్చి ఫైర్‌లైన్లు శుభ్రంగా ఉంచడం, ఎక్కడ పొగ లేచినా పరిగెత్తడం. అలాంటప్పుడు ఎండకు అలవాటు లేని పిల్లాడిని, అదీ 18 నిండనివాణ్ణి, ఒకరు ప్రత్యేకంగా చూసుకోవాల్సి వస్తే అది సాయం కాదు, బరువు. అడవికి ఏ నెలలో పని ఉంటే ఆ నెలలో మనం వెళ్లాలి గానీ మన సెలవుల్ని బట్టి అడవి పని పుట్టదు. బాబుకు నిజంగా ఇష్టముంటే అమ్మమ్మగారి ఊరి చెరువు దగ్గర పైన మాస్టారికి చెప్పిన పనే చేయమనండి. సర్టిఫికెట్ రాదు. రెండు నెలల నోటుబుక్కు మిగులుతుంది, అప్లికేషన్‌లో దాని గురించి రాసుకుంటే చదివేవాళ్లకు తేడా తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, కవ్వాల్ అభయారణ్యంలో ట్రెక్కింగ్‌కు వెళ్లినప్పుడు దారి పక్కన దుప్పి కొమ్ము ఒకటి దొరికింది. దుప్పి చచ్చిపోలేదు, దానంతటదే రాలిపోయిందట. ఇంట్లో షోకేసులో పెట్టుకుందామని తెచ్చాను. తప్పేం లేదుగా?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఉంది. రాలిన కొమ్ము అయినా ఇంట్లో పెట్టుకోవడం నేరమే, అభయారణ్యంలోంచి ఏదీ తీసుకురాకూడదని చట్టంలో విడిగా కూడా ఉంది. షోకేసు ఫొటో ఎక్కడా పెట్టకముందే రేంజ్ ఆఫీసుకు తీసుకెళ్లి, ఎక్కడ దొరికిందో చెప్పి అప్పగించేయండి, తెలియక తెచ్చానని నిజం చెప్పండి. ఇక మీదట కనపడితే అక్కడే వదిలేయాలి. దుప్పులకు ఏటా కొమ్ములు రాలుతాయి, మళ్లీ వస్తాయి, మరి రాలినవన్నీ ఏమవుతున్నాయని నేనూ ఒకసారి మా వాచర్‌ను అడిగాను. ఆయన ఏమీ చెప్పకుండా మా ట్రాన్సెక్ట్ పక్కన పడి ఉన్న ఒక కొమ్మును చూపించి "రేపు సూద్దాం" అన్నాడు. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ఒక కొన సగం లేదు, మిగిలిన దాని మీద ఉలితో చెక్కినట్టు జంట జంటగా గాట్లు. పక్కనే నలుపు తెలుపు ముల్లు ఒకటి పడి ఉంది. ముళ్లపందికి సున్నం కావాలట, రాత్రంతా కూర్చుని కొరికింది.